రోజుకో కొత్త తప్పు

లిఫ్టులు బాగుచేసే ఆ కుర్రాడికి రెండే వ్యసనాలు. ఒకటి టీ, రెండోది ల్యాప్‌టాప్‌లో హిప్ హాప్ బీట్లు చేయడం. మొదటిది ఎవరికీ హాని చేయలేదు. రెండోది మాత్రం అద్దెకు దిగిన వారానికే గోడ అవతలి ఇంట్లో చిచ్చు పెట్టింది.

ఆ ఇంట్లో తండ్రీ కూతురూ ఉంటారు. తండ్రి నలభై ఏళ్లు పియానోలకు శ్రుతి సరిచేసిన మనిషి. గిన్నె జారి కింద పడితే అది ఏ స్వరంలో మోగిందో చెప్పగలడు. కూతురు సాయంత్రాలు పిల్లలకు పియానో నేర్పుతుంది. ఆదివారం ఆమే వచ్చి తలుపు కొట్టింది.

"ఆ బీట్ మీదేనా?"

"అవునండీ. బాగుందా?" అన్నాడతను, ఆశ చావక.

"డ్రమ్స్ బాగున్నాయి. కానీ కింద మోగే మీ బేస్ ఒక కీలో ఉంది, పైన పియానో ఇంకో కీలో ఉంది. మా నాన్న పొద్దుటి నుంచి చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నారు."

కీ అంటే ఏమిటో అతనికి తెలియదు. చెవికి ఏది తోస్తే అది మౌస్‌తో అతికించడమే ఇన్నాళ్లూ అతని సంగీతం. అది ఒప్పుకుంటే పరువు పోతుందని, కావాలనే అలా పెట్టానండీ, అదొక స్టైల్ అన్నాడు. ఆమె అతని ముఖం వంక తీరిగ్గా చూసి, అయితే ఆ మాట మా నాన్నకు వచ్చి చెప్పండి అంది. పరువు గడప దాటకుండానే పోయింది.

చివరికి ఒప్పందం కుదిరింది. పిల్లలు వెళ్లాక రోజూ ఒక గంట ఆమె నేర్పుతుంది. పియానో మీద నాలుగు కార్డ్‌ల వరస ఒకటి తప్పు లేకుండా వాయించిన రోజున క్లాసు ఆఖరు. ఫీజు అక్కర్లేదు, మా నాన్న చెవులు చల్లగా ఉంటే చాలు అంది.

పిల్లల స్టూలు మీద కూర్చుంటే అతని మోకాళ్లు పియానోకి తగిలేవి. ఆమె పక్కనే నిలబడి చెప్పేది. మూడు స్వరాలు కలిసి మోగితే కార్డ్. ఒక కీలో, అంటే ఒక శ్రుతికి చెందిన స్వరాలలో, అలాంటివి ఏడుంటాయి.

"ఏడుగురు తోబుట్టువులు అనుకోండి. వాళ్లలో వాళ్లు ఎవరి తర్వాత ఎవరు మాట్లాడినా ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. మీరు పోయినవారం దారిన పోయేవాళ్లందరినీ పిలిచి మంచాల మీద కూర్చోబెట్టారు."

అది అతనికి ఠక్కున అర్థమైంది. అతనికి ఇచ్చిన నాలుగూ ఎ మైనర్, ఎఫ్, సి, జి. మళ్లీ మొదటికి. బేస్ కూడా ఆ పేర్ల మీదే నిలబడాలి. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ల్యాప్‌టాప్‌కి తగిలించిన చిన్న కీబోర్డు మీద అదే సాధన. పన్నెండో రోజు పొద్దున నాలుగూ తప్పు లేకుండా వచ్చేశాయి. బీట్ కట్టి, ర్యాప్ పాడే మంగలి మిత్రుడికి పంపిస్తే, వాడు ఒక గిరాకీకి సగం గడ్డం గీసి వదిలేసి మరీ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు.

ఆనందం పట్టలేక టీచరుకి చెబుదామని ఆ తలుపు దాకా పరుగెత్తాడు. కొట్టబోయిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తప్పు లేకుండా వాయిస్తే క్లాసు ఆఖరు కదా. తనకు కావలసింది నాలుగు కార్డ్‌లు కాదని, ఆ గంట అని, ఆ గంటలో ఆమె అని అప్పుడే తెలిసింది.

ఆ సాయంత్రం జి బదులు డి మైనర్ నొక్కాడు.

"అయ్యో, కొంచెంలో పోయింది. రేపు చూద్దాం" అంది ఆమె.

మర్నాడు దాని బదులు ఇ మైనర్. ఆ మర్నాడు మళ్లీ సి. వారానికి తోబుట్టువులందరూ అయిపోయి డి మైనర్ రెండోసారి వచ్చింది. ఆమె మాత్రం నానాటికీ చిన్నబోయింది. ఒకరోజు పియానో మూత వేసేసింది.

"ముప్పై మంది పిల్లలకు నేర్పాను. ఎవరికీ ఇన్నాళ్లు పట్టలేదు. లోపం మీది కాదు, నాకే నేర్పడం రాదు. పిల్లల క్లాసు కూడా మానేద్దామనుకుంటున్నాను. మీరు వేరే టీచర్ని చూసుకోండి."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. క్లాసు పోతే పోయింది, ఈమె ఇలా అనుకోకూడదు అనుకున్నాడు. మూత తీశాడు. నాలుగు కార్డ్‌లూ వాయించాడు. ఆగకుండా మూడుసార్లు, ఎడమ చేత్తో బేస్‌తో సహా.

ఆమె మీటల వంకా, అతని వేళ్ల వంకా మార్చి మార్చి చూసింది.

"ఎప్పటి నుంచి వచ్చు?" అంది ఆమె.

"పన్నెండో రోజు నుంచండీ. నేర్చేసుకుంటే రేపటి నుంచి రావద్దంటారు కదా. నాకేమో రాకుండా ఉండటం చేతకాదు. మీరంటే ఇష్టమండీ."

పక్క గదిలోంచి పెద్దాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నాకు మూడో తప్పుకే తెలిసిపోయిందమ్మా. రానివాడు రోజూ ఒకే తప్పు చేస్తాడు. ఇతను రోజుకో కొత్త తప్పు చేశాడు, ఒక్కసారీ కీ దాటలేదు. అంత శుభ్రంగా తప్పు చేయాలంటే చాలా నేర్చుకుని ఉండాలి."

"మరి నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"ఇతను వెళ్లాక నువ్వు గిన్నెలు సర్దుకుంటూ కూనిరాగం తీస్తున్నావు. అదీ శ్రుతిలోనే ఉంది. చెడగొట్టడమెందుకని ఊరుకున్నాను."

ఆమె చెవుల దాకా ఎర్రబడింది. తండ్రిని ఏమీ అనలేక కోపమంతా ఇతని మీదికి తిప్పింది. నన్ను ఇన్నాళ్లు ఏడిపిస్తారా, సిగ్గు లేదూ అంది. లేదండీ అని ఒప్పుకున్నాడు. జరగండి అంది. అతను లేచి వెళ్లిపోబోయాడు.

"వెళ్లమనలేదు, జరగమన్నాను. పైన మీరు వాయించండి, బేస్ నేను వాయిస్తాను."

ఇద్దరూ ఆ పిల్లల స్టూలు మీదే సర్దుకున్నారు. ఎ మైనర్ కుదిరింది. ఎఫ్ కుదిరింది. సి కూడా కుదిరింది. నాలుగోదానికి అతను జి నొక్కేసరికి, ఇరవై ఏళ్లుగా పియానో వాయిస్తున్న ఆమె చెయ్యి తొణక్కుండా వెళ్లి డి మీద పడింది.

"అరెరె, తప్పు పడింది" అంది ఆమె, అతని వైపు చూడకుండా. "రేపు మళ్లీ రావాలి మీరు."

పెద్దాయన దూది కోసం లోపలికి వెళ్లాడు.