తేకూ అన్న ఒక్క మాట

"ఆ కప్పు తీస్తావా, లేకపోతే పేజీలో ఉన్న రబ్బీ పండితుల నెత్తిన పోసేదాకా ఆగుతావా?"

అవ్నేర్ ఉలిక్కిపడి కాఫీ కప్పు ఎత్తాడు. అప్పటికే యూదుల ధర్మగ్రంథం తాల్ముద్ పేజీ అంచున గుండ్రంగా మరక పడింది.

"ఇంత పెద్ద పేజీలో ఇంత చిన్న మరకకి అంత కోపమా?"

"మధ్యలో అసలు పాఠం, చుట్టూ పండితుల వాదనలు. నీ కాఫీకి చోటెక్కడుంది బాబూ?" అంది తిర్జా.

జెరూసలేంలో కళాకారులు చదువుకునే చోటది. ఇద్దరిద్దరిని జంటగా కూర్చోబెట్టి పాత గ్రంథాలు చదివిస్తారు. అందులోంచి ఎవరికి తోచిన బొమ్మ వాళ్ళు చేసుకోవాలి. తిర్జా కాగితం కత్తిరించి బొమ్మలు చేస్తుంది. తాల్ముద్ ఆమెకు వాళ్ళ నాన్న ఒళ్ళో అబ్బింది. అవ్నేర్ ఇనుముతో శిల్పాలు చేస్తాడు, పెరిగిందంతా ఫుట్‌బాల్ గ్యాలరీల్లో. వాదనలో ఆమె తడబడితే చాలు, విజిల్ వేసేవాడు. ఆ విజిల్ కోసమే ఆమె అప్పుడప్పుడూ కావాలని తడబడేది.

చదువు ముగిసే వారం, వానలో, సంతలో బురెకాలనే పఫ్‌లు అమ్మే దుకాణం చూరు కింద నిలబడ్డారు.

"హైఫా ఊళ్ళో వర్క్‌షాప్ దొరికింది," అన్నాడు అవ్నేర్. "నువ్వూ వస్తావా? ఊరికే కాదు. పెళ్ళి చేసుకుని."

తిర్జా గుండె ఝల్లుమంది. రానని ఎలా అంటుంది? కానీ వెంటనే సరేననడానికి బెట్టు అడ్డొచ్చింది. ఇంకోసారి అడిగించుకోవాలనిపించింది.

"తేకూ," అంది నవ్వుతూ.

అతను కాలర్ పైకి లాక్కున్నాడు. "సరేలే. బాగా ఆడాం," అని తడుస్తూనే వెళ్ళిపోయాడు. మళ్ళీ అడగలేదు. అడుగుతాడని ఎదురుచూస్తూ ఆమె కూడా ఫోన్ చేయలేదు. ఎంత పిచ్చిదో.

ఎన్నో ఏళ్ళ తర్వాత, ఆమె ప్రదర్శనకు అవ్నేర్ వచ్చాడు. చెవుల దగ్గర నెరిసింది, వేలికి పెళ్ళి ఉంగరం, చేతిలో కాఫీ కప్పు ఉన్నాయి. గోడ మీద తాల్ముద్ పేజీలాగే కత్తిరించిన పెద్ద కాగితం. చుట్టూ వాదనలు, మధ్యలో ఒక్కటే మాట: తేకూ. అంచున, కప్పు అడుగంత గుండ్రటి ఖాళీ.

"నా కాఫీకి చోటిచ్చావే," అన్నాడు. "మరి ఈ మాటేంటి?"

"పండితుల వాదన తేలకపోతే అలా రాస్తారు. ప్రశ్న అలాగే ఉంది, మూసేయలేదు అని."

అవ్నేర్ ముఖం పాలిపోయింది.

"మా ఆటలో తేకూ అంటే డ్రా, తిర్జా. విజిల్ పడితే అందరూ ఇంటికెళ్ళిపోతారు. నువ్వు మర్యాదగా కాదన్నావనుకున్నాను."

వీధిలో పిల్లలంతా డ్రాకి అదే మాటంటారు. ఆ రోజు ఆమెకు నాన్న చెప్పిన అర్థమే తట్టింది, అతనికి గ్యాలరీ అర్థమే వినిపించింది.

"ఇంకోసారి అడిగి ఉంటే?" అన్నాడు మెల్లగా.

ఇప్పుడూ ఆ మాటే అని తప్పించుకోవచ్చు. తిర్జా తప్పించుకోలేదు.

"వచ్చేదాన్ని."

అతను తలూపాడు. చేతిలోని ఖాళీ కప్పు ఎక్కడ పెట్టాలో తోచక, దాన్ని అలాగే పట్టుకుని బయటికి నడిచాడు.