ఉత్తరద్వారపు గాయం

అయిదు నెలల ముట్టడి వీగిపోయి, శత్రుసేనలు డేరాలు ఎత్తుకొని ఏటి అవతలికి మళ్ళిన పదకొండవనాడు గండ్రగిరి దుర్గంలో విజయభేరి మ్రోగింది. రాజవీధులలో తోరణాలు కట్టారు, ఏనుగులకు గంటలు తొడిగారు, ఉపవాసాలతో చిక్కిపోయిన పురజనులు సైతం బురుజులెక్కి జేజేలు పలికారు. ఉత్తరపు గోడ కింద దిగువపేట మాత్రం బూడిదై పడి ఉంది. రాజభవనంలో ఆ వైపు గవాక్షాలన్నీ మూసి ఉంచారు. గెలిచిన రాజ్యాలకు ఈపాటి నేర్పు తొందరగానే అలవడుతుంది.

ఆనాడు సభామంటపంలో గాయాల కొలువు. యుద్ధం ముగిశాక ప్రతి యోధుడూ కొలువుకు వచ్చి తన గాయం చూపాలి, శస్త్రవైద్యుడు మూడు ప్రశ్నలు వేయాలి: ఎక్కడ తగిలింది, ఏ ఆయుధం వల్ల తగిలింది, ఎవరిచేత తగిలింది. ఎదుట తగిలిన గాయానికి రాజు తన చేతులతో చందనం అలదుతాడు. వీపున తగిలినవాడికీ, ఒంటిమీద గీతైనా పడకుండా ఆయుధం దించినవాడికీ తల గొరిగించి వెళ్ళగొడతారు. వైద్యుడి తీర్పును రాజైనా తోసిపుచ్చరాదు. ఇది గండ్రగిరివారి తాతముత్తాతలనాటి ఆచారం.

వైద్యుడు కొమ్మయ నలభై ఏళ్ళుగా ఆ మూడు ప్రశ్నలే వేస్తున్నాడు. మధ్యాహ్నానికి రెండు వందల మందిని చూశాడు. ఆ తరువాత ఉత్తరద్వారపు భటులు నలభైమంది వచ్చి నిలిచారు. వాళ్ళ ఒళ్ళు చెక్కు చెదరలేదు. ముట్టడి నాలుగో నెలలో ఒకనాటి ఉదయం వీళ్ళంతా కత్తులు కింద పెట్టారు, మళ్ళీ పట్టలేదు.

మహామంత్రి విద్దన లేచాడు. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అన్న సామెత ఆయనను చూసే పుట్టిందని కోటలో చెప్పుకునేవారు.

"ప్రభూ, ఈ పిరికిపందలకు మంగలిని పిలిపించండి. వీరి నాయకుడు బొల్లన సేనానికి మాత్రం గండపెండేరం తొడగండి. ఉత్తరద్వారం నిలిచింది ఆయన పట్టుదల వల్లనే గదా."

గౌరవం నాయకుడికీ, అవమానం భటులకూ దక్కితే నాయకుడు నోరు మెదపడు, భటుల మాట ఎవడూ వినడు. ఇదీ విద్దన ఎత్తు.

బొల్లన నాయకుడు ముందుకు వచ్చాడు. మూడు యుద్ధాలు చూసిన మనిషి, ఏభై దాటినవాడు. పెండేరం తొడిగించుకోవడానికి కాలు చాచలేదు.

"కొమ్మయగారూ, ముందు నా గాయం చూడండి. నాదీ వీళ్ళదీ ఒకటే గాయం. అది చెల్లకపోతే వీళ్ళతోపాటు నా తలా గొరిగించండి."

కొమ్మయ ఆయన కుడిచేయి పట్టుకున్నాడు. అది వేలాడుతోంది. భుజం నొక్కి చూశాడు, వేలికి సూది గుచ్చి చూశాడు. నొప్పి తెలుస్తోంది. ఎముక విరగలేదు, నరం తెగలేదు, అయినా చెయ్యి లేవదు.

"నటన," అన్నాడు విద్దన.

"నటించేవాళ్ళను చాలామందిని చూశాను, అమాత్యా. వాళ్ళు ఏదో ఒకటి కావాలంటారు. ఈయన పెండేరం వద్దని తల గొరగమంటున్నాడు." కొమ్మయ సేనాని వైపు తిరిగాడు. "ఎక్కడ తగిలింది, నాయకా?"

"మీరే చెప్పాలి. కంచం ముందు కూర్చుంటే తగులుతుంది. నా మనవరాలు తాతా అని చేతులు చాచినా తగులుతుంది."

"ఏ ఆయుధం?"

"ఆజ్ఞ. రాజముద్రతో వచ్చింది. శరణు కోరి వచ్చే పేటవాళ్ళలో శత్రుభటులు మారువేషాలతో కలిశారు, తలుపు తీయక మరిగిన నూనె పోయించండి అని ఉంది. ఈ చెయ్యెత్తి సైగ చేశాను. వీళ్ళు పోశారు. మర్నాడు దిగి చూశాం. సాలెవాళ్ళు, కుమ్మరివాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు. శత్రువు ఒక్కడూ లేడు. కోటలో గింజలు చాలవని ఎవరికో తోచింది, అంతే. మీ ఆచారం ప్రకారమే చెబుతున్నాను, ఆ మూడు వందలమందికీ గాయాలన్నీ ఎదుటనే ఉన్నాయి. ఒక్కరూ వెన్ను చూపలేదు. తలలెత్తి నన్ను పేరుపెట్టి పిలుస్తూనే ఉన్నారు."

"ఎవరిచేత?" కొమ్మయ మూడో ప్రశ్న అడిగాడు.

"మొదట నాచేత. నాకంటే ముందు ఎవరిచేతనో ఆ ముద్ర వేసినవారికి తెలుసు."

"ఆ పత్రం చూపగలవా?" అన్నాడు విద్దన.

"చదివి కాల్చమని ఉంది. ముప్ఫై ఏళ్ళుగా చెప్పింది చేసినవాణ్ణి, అదీ చేశాను."

కొమ్మయ సభవైపు తిరిగాడు. "గాయం ఉంది. నలభై ఒక్కరికీ ఉంది, ఎదుటనే తగిలింది. దీనికి మందు మాత్రం నాకు తెలియదు."

రాజు మల్లభూపతి సింహాసనం దిగి, తలలు వంచుకున్న నలభైమందికీ చందనం అలదాడు. తన దగ్గరికి వచ్చేసరికి బొల్లన ఎడమచేత్తో అడ్డుకున్నాడు.

"నాకు వద్దు ప్రభూ. వీళ్ళు చెప్పింది చేశారు, చెప్పినవాణ్ణి నేను. ప్రజలను చంపిన సేనానికి కోట వెలి అని మన ధర్మం. ఆ ఉత్తరద్వారం నుంచే నన్ను పంపి తలుపు మూయించండి. అయితే ఈసారి ఆజ్ఞ పత్రం మీద వద్దు. అక్కడ నిలబడి, వీళ్ళంతా వినేటట్టు మీ నోటితో ఇవ్వండి. ఎవరి మాటకు తమ చేతులు కదిలాయో వీళ్ళకు తెలియాలి."

విద్దన రాజు చెవి దగ్గరకు వంగాడు. "ఒప్పుకోకండి ప్రభూ, సింహాసనానికి మచ్చ."

"ఆనాడు నీ మాట విని ముద్ర వేశాను విద్దనా," అన్నాడు రాజు. "ఇక చాలు."

పొద్దు వాలేవేళకు ఊరంతా ఉత్తరద్వారం దగ్గర చేరింది. బొల్లన కత్తి విప్పి పెట్టి, చెప్పులు లేకుండా, దిగువపేట బూడిదలోకి నడిచి వెళ్ళాడు. వెనక్కి చూడలేదు.

"తలుపు మూయండి," అన్నాడు రాజు.

నలభైమందిలో ఒక్కడూ కదలలేదు. రాజు మళ్ళీ చెప్పాడు. ఎవరూ కదలలేదు.

"ఆనాటి ఆజ్ఞ నాది," అన్నాడు రాజు, ఊరంతా వినేటట్టు. "మీది కాదు. పేటవాళ్ళలో శత్రువులు లేరని నాకు తెలుసు. తెలిసే ముద్ర వేశాను."

ఆ మాట విని కొందరు వెక్కి వెక్కి ఏడ్చారు. అయినా తలుపు మీద చెయ్యి వేసినవాడు లేడు. అప్పుడు మల్లభూపతి కిరీటం తీసి మెట్టు మీద పెట్టి, ఎనిమిదిమంది తోస్తేగాని కదలని ఆ ఇనుప తలుపుకు తన భుజం ఆన్చాడు. చీకటి పడేదాకా ఒక్కడే తోశాడు. వేలమంది చూస్తూ నిలబడ్డారు, సాయానికి ఎవరూ రాలేదు. ఆ తలుపు మూతపడలేదు.