కొల్లేటి గట్టున ఉప్పునీళ్ళు

ఇస్సాకుని తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ ఎదుట, పట్టపగలు పదకొండింటికి లారీతో గుద్ది చంపారు. లారీకి నెంబరు ప్లేటు లేదు. జనం మూగేలోగా అది నిడదవోలు రోడ్డెక్కి మాయమైంది. చనిపోయే ముందు అతను ఆఫీసుకి పంపిన మెసేజ్ ఒక్కటే మిగిలింది.

"నత్తలు పోయాయి. రొయ్యలు పోయాయి. పగడాలు పోయాయి. చేపలు బాగున్నాయి."

ఏలూరు పవర్‌పేటలో జిరాక్స్ షాపు పైన ఉన్న గదిలో చీఫ్ కోదండరామయ్య ఆ కాగితాన్ని మునీర్ ముందుకు తోశాడు.

"డీకోడింగ్ వాళ్ళు మూడు రోజులుగా తల పట్టుక్కూర్చున్నారు. నత్తలంటే ఎవరు, పగడాలంటే ఏమిటి? ఏ కోడ్‌బుక్‌లోనూ లేదు."

మునీర్ రెండుసార్లు చదివాడు. నిఘా డిపార్ట్‌మెంట్‌లో చేరకముందు అతను ఫిషరీస్ చదివాడు. అక్వేరియం మెకానిక్ వేషం వేసుకున్న ఇస్సాకు, వారం కిందట ఫిల్టర్ ఎలా కడగాలో ఫోన్లో అడిగి తెలుసుకున్నది అతని దగ్గరే.

"ఇది కోడ్ కాదు సర్. కళ్ళతో చూసింది చూసినట్టు రాశాడు. నేను చదువుతానని రాశాడు."

"అంటే?"

"ఉప్పునీళ్ళ ట్యాంకులో వెన్నెముక లేనివన్నీ చచ్చి చేపలు మాత్రం బతికాయంటే, మొదట అనుమానించాల్సింది రాగిని. చేపలు తట్టుకునే మోతాదు కూడా రొయ్యల్నీ నత్తల్నీ చంపేస్తుంది. ఆ ట్యాంకులో రాగిగానీ ఇత్తడిగానీ ఏదో నానుతోంది."

కోదండరామయ్య కుర్చీలో ముందుకి జరిగాడు. పన్నెండు రోజుల క్రితం విశాఖ వెళ్ళే రైలు పార్సిల్ బోగీలోంచి, నేవీ రహస్య సందేశాల్ని సంకేతాల్లోకి మార్చే సైఫర్ మాడ్యూల్ ఒకటి పోయింది. టిఫిన్ బాక్సంత ఇత్తడి పెట్టె. తాళం లేకుండా తెరిస్తే లోపలి చిప్ కాలిపోతుంది. పోయినచోటు తెలియడానికి తొంభై సెకన్లకోసారి అది సిగ్నల్ ఇవ్వాలి. ఇంతవరకు ఒక్క పల్స్ కూడా అందలేదు.

"అందదు సర్," అన్నాడు మునీర్. "ఉప్పునీళ్ళు రేడియో తరంగాల్ని మింగేస్తాయి."

ఇస్సాకు నిఘా వేసిన ఇల్లు గణపవరం దాటాక, కొల్లేటి వైపు చేపల చెరువుల మధ్య ఉంది. అందులో ఉండేది హార్లన్ అనే విదేశీయుడు. చేపల ఫీడ్ కన్సల్టెంటునని చెప్పుకుంటాడు. మంచినీళ్ళ చేపలు పెంచే ఊళ్ళో ఉప్పునీళ్ళ ట్యాంకెందుకని ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు.

"సోదా చెయ్యాలంటే జడ్జి గారు ఆధారం అడుగుతున్నారు. ఒక్క పల్స్ అందితే చాలు, వారెంటు చేతిలో పడుతుంది. రేపు సాయంత్రం అయిదింటికి హార్లన్ ఐస్ వ్యాన్ తెస్తున్నాడు. పెట్టె అందులో ఎక్కిందంటే ఇక మనది కాదు. లోపల మన మనిషి ఉంది. ప్రీతి, వాళ్ళ మేనేజర్. కొత్త మెకానిక్‌ని పంపమని షాపుకి ఫోన్ చేసింది ఆవిడే. ఉప్పు ఎంతుండాలని అడుగుతుంది. కూరలోకా, చేపలకా అని నువ్వడగాలి."

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి, మందపాటి కళ్ళద్దాలు, అక్వేరియం షాపు టీషర్టు వేసుకుని మునీర్ గేటు ముందు బైకు దిగాడు. ఇంటికి రావడానికి ఒకటే గట్టు దారి. రెండు పక్కలా చెరువులు. గార్డు అతని ఫోను, వాచీ తీసేసుకున్నాడు. టెస్ట్ కిట్, ప్లాస్టిక్ హోస్ మాత్రం వదిలాడు.

ప్రీతి నెమలికంఠం రంగు చీరలో ఎదురొచ్చింది. సినిమా తెర మీంచి దిగినట్టుంది.

"రండి. పాపం, అన్నీ చచ్చిపోతున్నాయండీ. అసలు ఉప్పు ఎంతుండాలండీ?"

"కూరలోకాండీ, చేపలకా?"

ఆవిడ చిన్నగా నవ్వి ఇనుప తలుపు తీసింది. ఆ గదికి కిటికీల్లేవు. ఆరడుగుల ట్యాంకు, మూలన కలిపి ఉంచిన ఉప్పునీళ్ళ డ్రమ్ము, నేల మీద నీళ్ళు పోయే తూము. ట్యాంకులో పగడాలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. ఇసుక మీద ఖాళీ నత్తగుల్లలు. ఒక నక్షత్ర చేప చేతులూడి అద్దానికి అతుక్కుపోయి ఉంది. రెండు నారింజ రంగు క్లౌన్ చేపలు మాత్రం ఏమీ పట్టనట్టు తిరుగుతున్నాయి.

మునీర్ వరసగా పరీక్షలు చేశాడు. కొత్త ట్యాంకుల్లో మామూలుగా ప్రాణం తీసేది అమ్మోనియా. అది లేదు. నైట్రైట్ లేదు. ఉప్పు సరిగ్గా ఉంది. వేడి సరిగ్గానే ఉంది. చివరి గాజు గొట్టంలో రాగిని పట్టే మందు నాలుగు చుక్కలు వేశాడు. నీళ్ళు చిక్కటి నీలానికి తిరిగాయి.

చెయ్యి లోపల పెట్టి మధ్య రాయి కింద తడిమాడు. చిరిగిన ప్లాస్టిక్ కవరు, దాని కింద లోహపు అంచు. సిమెంటులాంటి జిగురుతో రాయికి అంటించేశారు. రాయి ఇద్దరు మనుషులు లేపేంత బరువు.

"ఇక్కడే ఉందండీ," గొంతు తగ్గించి అన్నాడు. "మా చీఫ్ గణపవరంలో రిసీవర్‌తో ఉన్నారు. నీళ్ళు దించితే చాలు."

"గణపవరంలోనా?" ప్రీతి తలూపింది. "ఒక్క నిమిషం ఉండండి."

ఆవిడ వెళ్ళింది. బయట గడియ పడింది.

"ప్రీతి గారూ?"

"ఏమీ అనుకోకండి మునీర్ గారూ," తలుపవతల గొంతు అంతే మెత్తగా ఉంది. "మీవాళ్ళకి ఎంత తెలుసో తెలుసుకోవాలనే మిమ్మల్ని పిలిపించానండీ. ఇస్సాకు గారు కూడా నాతో ఇలాగే అన్నీ చెప్పేశారు. హార్లన్ గారు వచ్చి మీతో మాట్లాడతారు. అందాకా కూర్చోండి."

మునీర్ గోడకి జారబడి కూర్చున్నాడు. గట్టిగా అరిచినా వినేది చెరువుల మీది కొంగలే. అతను మోసపోయిన చోటే, అవే మాటలతో ఇస్సాకూ మోసపోయాడు. లైట్ల టైమర్ మీద నాలుగూ అయిదు.

లేచాడు. హోస్ ఒక కొస ట్యాంకులో ముంచి, రెండో కొస నోటితో పీల్చి తూములో పెట్టాడు. నీళ్ళు చప్పుడు లేకుండా దిగసాగాయి. మట్టం తగ్గితే పంపు గాలి పీల్చి గురగురలాడుతుంది. ఆపేస్తే ఆ మోత ఆగిందని బయటివాళ్ళకి అనుమానం వస్తుంది. అందుకని పంపుని తీసి డ్రమ్ములో పడేశాడు. మోత అలాగే ఉంది. క్లౌన్ చేపల్ని కూడా దోసిలితో పట్టి అందులోనే వదిలాడు.

తర్వాత చెయ్యడానికేమీ లేదు. ఏసీ చలికి తడి చొక్కా వణికిస్తోంది. నీటి మట్టం అంగుళం అంగుళం దిగుతుంటే పగడాల కొమ్మలు ఒకటొకటిగా బయటపడుతున్నాయి. నాలుగూ ఇరవై. నాలుగూ ముప్ఫై అయిదు. రాయి పైభాగం తేలింది. పెట్టె మీద ఇంకా జానెడు నీళ్ళు.

రెండు వేళ్ళ లోతుకి వచ్చేసరికి బయట గార్డు కేక. "మేడమ్! గోడ పక్కన కాలవ కట్టిందండీ!"

తలుపు తెరుచుకుంది. ప్రీతి చేతిలో పిస్టల్.

"హోస్ తీసెయ్యండి."

మునీర్ తీశాడు. ఆవిడ గార్డు వైపు తిరిగింది. "బకెట్‌తో డ్రమ్ములో నీళ్ళు తోడి ట్యాంకులో పొయ్యి. తొందరగా!"

మొదటి బకెట్ ట్యాంకు అంచు దాకా వచ్చింది. మునీర్ దాని మీదకి దూకాడు. పిస్టల్ పేలింది. గుండు అతని జబ్బని చీల్చుకుంటూ వెళ్ళి ట్యాంకు అద్దానికి తగిలింది.

అద్దం ఒక్కసారిగా పగిలింది. మిగిలిన నీళ్ళు, ఇసుక, గుల్లలు నేల మీదకి పడ్డాయి. తడి రాయి కింద ఇత్తడి పెట్టె పచ్చగా చిలుము పట్టి గాలికి బయటపడింది.

ప్రీతి గార్డుని ముందుకి తోసింది. "ఊడదియ్యి! డ్రమ్ములో ముంచు!"

నేల మీద పడ్డ మునీర్ లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఒకటి, రెండు, మూడు. గార్డు గునపం తెచ్చాడు. ముప్ఫై ఒకటి. జిగురు వదల్లేదు. అరవై. గునపం జారింది. డెబ్భై ఆరు. పెట్టె ఊడింది. మునీర్ నేల మీదే పాకి గార్డు కాలిని రెండు చేతులా వాటేసుకున్నాడు. వీపు మీద పిడిగుద్దులు పడ్డాయి. ఎనభై నాలుగు. ఎనభై తొమ్మిది. తొంభై.

పెట్టె డ్రమ్ములో బుడుంగున మునిగింది.

బీప్ లేదు. లైటు లేదు. పల్స్ వెళ్ళిందో లేదో ఆ గదిలో ఎవరికీ తెలియదు. రక్తం పోతున్న మనిషి లెక్కపెట్టిన సెకన్లు సరైనవేనా?

"కష్టపడ్డారండీ," అంది ప్రీతి, పిస్టల్ అతని నుదుటికి గురిపెట్టి. "పాపం."

టైమర్ మీద అయిదవుతుండగా గట్టు మీద ఐస్ వ్యాన్ హారన్ వినిపించింది. హార్లన్. గార్డు బయటికి పరిగెత్తాడు. హారన్ మళ్ళీ మోగింది, ఈసారి ఆగకుండా. దాని వెనకాల సైరన్ ఒకటి. తర్వాత రెండు, మూడు.

"మేడమ్!" గార్డు గొంతు కీచుమంది. "వ్యాన్ వెనకాల అన్నీ జీపులేనండీ!"

ప్రీతి తలుపు వైపు చూసింది. మునీర్ వైపు చూసింది.

"గట్టు ఒకటేనండీ," అన్నాడు మునీర్. "వెళ్ళడానికి ఇంకో దారి లేదు."

ఆవిడ పిస్టల్‌ని స్టూలు మీద పెట్టి, తడిసిన కుచ్చిళ్ళు దులుపుకుని నిలబడింది.

వారం తర్వాత, జబ్బకి కట్టుతో మునీర్ పవర్‌పేట ఆఫీసు మెట్లెక్కాడు. పొద్దున్నే గూడెం వెళ్ళి ఇస్సాకు భార్య సుగుణ గారిని కలిసొచ్చాడు. ఆఖరి మెసేజ్‌లో ఏముందో, దాని వల్లే అంతా ఎలా బయటపడిందో చెప్పాడు. ఆవిడ అంతా విని, "చేపల గురించి ఆయనకేం తెలుసండీ?" అని మాత్రం అంది. తెలియకపోయినా సరిగ్గా చూశాడని చెప్పి వచ్చాడు.

గదిలో, చీఫ్ బల్ల పక్కన ఒక కొత్త గాజు ట్యాంకు ఉంది. అందులో రెండు క్లౌన్ చేపలు.

"కేసు ప్రాపర్టీ," అన్నాడు కోదండరామయ్య. "పంచనామాలో ఎక్కించారు. కేసు తేలేదాకా ప్రాణంతో ఉంచాలని కోర్టు ఆర్డర్. ఆ బాధ్యత నీకే వేశాను."

"నేను సెలవు అడుగుదామని వచ్చాను సర్."

"ఆ చేపలు ఎన్నాళ్ళు బతుకుతాయి?"

"బాగా చూసుకుంటే ఇరవై ఏళ్ళు సర్."

కోదండరామయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చాలకపోవచ్చు."