నలభై ఒకటో నంబరు

స్నానం కాగానే మనవరాలిని ముల్లు తూకం మీద పడుకోబెట్టింది అమ్మమ్మ. ముల్లు ఊగి ఊగి నిన్నటి గీత దగ్గరే నిలిచింది. మొన్నా అక్కడే. పుస్తకంలో రాసి, మళ్ళీ తూచింది. వంటగదిలోకి వెళ్ళి, ఎందుకు వెళ్ళిందో మరిచిపోయి తిరిగొచ్చింది.

పాల ఫ్యాక్టరీ ల్యాబులో ఆమెది ముప్పయ్యేళ్ళ ఉద్యోగం. వెన్న తీశాక మిగిలే మజ్జిగ ఒకప్పుడు దూడల తొట్లలోకి పోయేది. పాలకొవ్వు బిందువుల చుట్టూ ఉండే సన్నని పొర అందులోనే మిగులుతుంది. తల్లిపాలలో ఉండి డబ్బాపాలలో కొరవడేవాటిలో అదొకటి. దాన్ని పసిపిల్లల పాలపొడిలో కలపడానికే ఆమెకు పదకొండేళ్ళు పట్టింది. ఆ డబ్బా ఇప్పుడు అలమరలో, మూత తియ్యకుండా ఉంది.

"డాక్టరు చెప్పి వారమైంది. నీ పాలు మానమనలేదు కదే, పైన కొంచెం డబ్బాపాలు పట్టమంది," అంది అమ్మమ్మ.

"ఇంకో రెండ్రోజులు చూద్దామన్నానుగా," అంది కూతురు. "అయినా దూడలు తాగేది నా బిడ్డకెందుకు?"

"దూడలు బానే పెరిగాయి," అన్నాడు అల్లుడు బూటు లేసు కట్టుకుంటూ. ఇద్దరూ చూసిన చూపుకి లేసు సగంలో వదిలేసి గడప దాటాడు.

కూతురు పుస్తకం లాక్కుంది. పేజీ పైన, పేరుండాల్సిన చోట, నలభై ఒకటి అని ఉంది.

"నలభై ఒకటి ఎవరమ్మా?" గొంతు పెరగలేదు. అదే అమ్మమ్మను భయపెట్టింది. "నువ్వు ల్యాబులో ఉంటే నేను పక్కింట్లో పెరిగాను. సరేలే అనుకున్నాను. ఇప్పుడు ఇది కూడా నీకు నంబరేనా?"

"మా ల్యాబులో తూచేవాళ్ళకి పేరు చెప్పరే, ఏదో ఒక నంబరే ఇస్తారు. తెలిస్తే కన్ను ఆశపడుతుంది." అమ్మమ్మ మంచం అంచున కూర్చుంది. "వెనక్కి తిప్పి చూడు."

మొదటి పేజీల్లో పాప పేరే ఉంది, గుండ్రటి అక్షరాలతో. రోజుకి ఇరవై గ్రాముల చొప్పున పెరుగుతూ వచ్చింది.

"అవి ముల్లు చెప్పినవి కావు. నేను కోరుకున్నవి. డాక్టరు దగ్గర తూచేదాకా నాకే తెలీలేదు. ఆ అంకెలు చూసే కదా నువ్వు ఆగుతున్నావు."

కూతురు పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత పాపను తనే తూకం మీద పెట్టింది.

"నువ్వటు తిరుగు."

అమ్మమ్మ గోడవైపు తిరిగింది. ముల్లు ఊగే చప్పుడు సన్నగా వినిపించింది, ఆగింది.

"నాక్కూడా పై గీతే కనబడుతోందమ్మా," అంది కూతురు. కాసేపటికి, "కాదు. కిందే ఉంది."

అమ్మమ్మ అలమర తెరిచింది. ఎంతోమంది తల్లులకు తీసి చూపించిన మూతే. ఈసారి పట్టు దొరకలేదు.

"ఇటివ్వు," అంది కూతురు కళ్ళు తుడుచుకుంటూ. "నీళ్ళు నువ్వు కాచు."