రాజుగారికి ఒక గడియారం

బ్రిస్బేన్, డిసెంబర్ 1999. సన్నీబ్యాంక్ షాపింగ్ సెంటర్ కార్ పార్కులో, పట్టపగలు, భారత గూఢచారి సంస్థ ఏజెంట్ బాసిత్‌ని కాల్చి చంపారు. సైలెన్సర్ ఉన్న పిస్టల్. పక్క కారులో కూరగాయలు సర్దుకుంటున్న ఆవిడకి కూడా చప్పుడు వినపడలేదు.

రజాక్, బాసిత్ గుంటూరులో ఒకే వీధివాళ్ళు. ఒకే బడి, ఒకే ఉద్యోగం. బాసిత్ భార్య జవేరియా ఫోన్లో ఏడవలేదు. "చంపినోళ్ళని పట్టుకున్నాకే నాకు మళ్ళీ ఫోన్ చెయ్ భాయ్" అని పెట్టేసింది. ఆ మాట రజాక్ గుండెలో ముల్లులా దిగింది.

క్యాన్‌బెరాలో చీఫ్ చలపతి గోడమీద మ్యాపు తగిలించాడు.

"వాలిస్, ఫుతునా. పసిఫిక్‌లో ఆవగింజలు. ఫ్రెంచి జెండా, ఫ్రెంచి అధికారి. కానీ జనంలో మాట చెల్లేది రాజులకి."

"ఎంతమంది సార్?"

"ముగ్గురయ్యా! వాలిస్‌కి ఒకరు. ఫుతునాలో సిగావేకి ఒకరు, ఆలోకి ఒకరు. ఒకరికి మర్యాద చేసి ఇంకొకరిని మరిచావో, మళ్ళీ ఆ గడప తొక్కలేవు."

ఆలో రాజ్యంలో ఆలోఫీ అని ఒక దీవి. జనం ఉండరు. 2000 రాగానే కంప్యూటర్లు తికమకపడతాయన్న 'వైటుకె' భయం ఉంది కదా, ఆ రిపేర్ల పేరు చెప్పి అక్కడ టవర్ వేసి, మన ఉపగ్రహాల సిగ్నల్స్ వినాలని 'కోరల్' అనే విదేశీ ముఠా ఎత్తు. ఫ్రెంచి అధికారిని బుట్టలో వేసుకుంటే చాలనుకున్నారు. రాజులు కుదరదన్నారు. ముఠా మొహాలు చూసిన ముగ్గురు పెద్దలు, రాజ్యానికి ఒకరు చొప్పున, ఇప్పుడు మనకు సాక్ష్యం ఇవ్వడానికి బ్రిస్బేన్ వచ్చారు.

"వాళ్ళని ఇన్నాళ్ళూ బాసిత్ చూసుకున్నాడు. ఇక కాపాడటం నీ పని. పగ తరవాత."

"రెండూ ఒకటే సార్" అన్నాడు రజాక్.

కవర్: వైటుకె కన్సల్టెంట్. ఆ డిసెంబర్లో బ్రిస్బేన్ వీధిలో రాయి విసిరితే అలాంటివాడికే తగిలేది, కాబట్టి ఎవరూ అనుమానించరు. గాడ్జెట్: లాగితే సంకెలయ్యే వాచీ పట్టీ.

సన్నీబ్యాంక్‌లో చైనీస్ రెస్టారెంట్, లోపలి గది. ముగ్గురు పెద్దలు పూలచొక్కాలతో, చర్చిలో కూర్చున్నంత బుద్ధిగా కూర్చున్నారు. ఎమరాల్డ్ రంగు గౌనులో షెహజాది వచ్చింది. బాసిత్ కుదిర్చిన ఫ్రెంచి ఇంటర్‌ప్రెటర్. చూసినవాడు చాప్‌స్టిక్స్ జారవిడిచేంత అందం.

"ఇక్కడ పెసరట్టు దొరుకుతుందా?" అన్నాడు రజాక్.

"అల్లం చట్నీ అయిపోయింది." కోడ్ సరిపోయింది. "ఆ దీవుల్లో టూ ఇయర్స్ ఉన్నాను రజాక్ భాయ్. ప్రతి ఇల్లూ నాకు తెలుసు. పాపం బాసిత్ భాయ్!"

ఆమె సంచిలోంచి ఇత్తడి చేతిపిడి ఉన్న గడియారం తీసి బల్లమీద పెట్టింది. రెండువేల సంవత్సరం దాకా ఎర్ర అంకెలు తరుగుతున్నాయి. ఫ్రెంచిలో ఏదో తియ్యగా చెప్పి, రజాక్ వైపు తిరిగింది.

"వీళ్ళ రాజుగారికి మన తరఫున చిన్న గిఫ్ట్."

పెద్దలు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ చెయ్యి చాపలేదు. రజాక్ ఆ ఒక్క గడియారాన్నే చూశాడు. ముగ్గురు రాజులున్న చోట రెండేళ్ళు బతికిన మనిషి ఒకే గిఫ్ట్ తెస్తుందా? అక్కడ కాలే పెట్టలేదు ఈమె. అంతా అబద్ధం. ఆ రోజు కార్ పార్కుకి బాసిత్ వెళ్ళింది ఈమెని కలవడానికే.

షెహజాది తన వాచీ చూసుకుంది. "కెమెరా కారులో మర్చిపోయా. వన్ మినిట్."

టక్! రజాక్ వాచీ పట్టీ ఆమె మణికట్టుని గడియారం చేతిపిడికి కట్టేసింది.

"గ్యాస్ లీక్! అందరూ బయటికి!" అని ఇంగ్లీషులో అరిచి, పెద్దలను తలుపు దాటించి, హోటలంతా ఖాళీ అయ్యాక తాపీగా వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"పిచ్చా నీకు? నువ్వూ చస్తావ్!"

"బాసిత్ ఒంటరిగా పోయాడు. మనం తోడుగా పోదాం. ఎవరు కాల్చారు?"

ఆమె పెనుగులాడింది. గడియారం బల్లమీద ఈడ్చుకుపోయింది. కాటుక చెమటలో కారిపోయింది.

"ఎవరు?"

"నేనే! నేనే కాల్చాను! అడుగున మర... నాకు అందట్లేదు, ఎడమకి తిప్పు, ప్లీజ్!"

రజాక్ వెంటనే తిప్పలేదు. ఆ ఒక్క క్షణం బాసిత్‌దని ఆగాడు. తరవాత తిప్పాడు. లోపల ఏదో క్లిక్‌మని చచ్చిపోయింది. ఎర్ర అంకెలు ఆరిపోయాయి.

ఫెడరల్ పోలీసులు షెహజాదిని గడియారంతో సహా వ్యానెక్కించారు. రజాక్ జవేరియాకి ఫోన్ చేశాడు. "దొరికింది చెల్లెమ్మా." అవతల మొదటిసారి ఏడుపు వినిపించింది. అతను పెట్టెయ్యకుండా విన్నాడు.

ఆలో పెద్దాయన వచ్చి రజాక్ భుజం తట్టాడు.

"ఆ గడియారాన్ని పోలీసులు పట్టుకుపోవడం మంచిదైంది బాబూ" అన్నాడు తనకొచ్చిన ఇంగ్లీషులో. "బాంబైతే మా ముగ్గురితో పోయేది. ఒక్క గడియారంతో ఇంటికెళ్ళి ఉంటే, మూడు రాజ్యాలకీ యుద్ధమయ్యేది."