పుచ్చకాయ మీద తెరెరే

కల్నల్ ఫ్లెయితాస్‌కు ఉపోద్ఘాతాలు పడవు. ఫైలు తెరవకముందే విషయం చెప్పేశాడు.

“మధ్యాహ్నం పన్నెండు గంటల లాంచీలో ఒక పుస్తకం నది దాటబోతోంది. దాటకూడదు.”

“ఏం పుస్తకం సార్?” అన్నాడు కెప్టెన్ క్రిస్పిన్ ఒవెలార్.

“బడి హాజరు పట్టీ. తాకువారా ఊరిది.”

అది ఒవెలార్ పుట్టిన ఊరు. ముఖం మాత్రం కదలలేదు. పదకొండేళ్ళ సర్వీసులో అతను నేర్చిన గొప్ప విద్య అదే.

కల్నల్ కొత్త చరిత్ర పుస్తకం ప్రూఫు అతని ముందుకు తోశాడు. నాలుగో తరగతి, ఇరవై మూడో పాఠం. నది అవతలి నుంచి వచ్చిన బందిపోట్లు తాకువారా బడిని తగలబెట్టి, టీచరు రమోనానూ పందొమ్మిది మంది పిల్లలనూ చంపారట. కింద రంగుల బొమ్మ కూడా వేశారు. బొమ్మలో బందిపోట్లకు గడ్డాలున్నాయి.

“ఆ పట్టీ ఎలాగో మంటల్లో కాలకుండా మిగిలింది. ఆఖరి పేజీలో టీచరమ్మ ఏవో లారీ నంబర్లు రాసిపెట్టింది. మన సైన్యం లారీలవి. ఇవాళ సాయంత్రం అవతలి గట్టు రేడియో అది చదివితే మన పాఠం గంగలో కలుస్తుంది. ముప్ఫై వేల కాపీలు ప్రెస్సులో ఉన్నాయయ్యా!” కల్నల్ గొంతు తగ్గించాడు. “ఆ టీచరు మీ అక్కేగా? అందుకే నిన్ను పంపుతున్నా. నీకున్నంత కసి ఇంకెవరికుంటుంది?”

“అవును సార్.”

కసి ఉన్నమాట నిజమే. ఎవరి మీద అన్నది కల్నల్ అడగలేదు, ఒవెలార్ చెప్పలేదు. ఇరవై రెండేళ్ళుగా చెప్పలేదు. ఇంటి కిటికీలోంచి ఆ లారీలు వెళ్ళడం అతను చూశాడు. అప్పటికి అతనికి పదకొండేళ్ళు.

“పట్టీ తెచ్చేవాడు విదేశీ. మనవాడి వేషంలో వస్తాడు. మనకు కబుర్లందించే డెలియా వాణ్ణి గుర్తుపట్టి గొడుగు మూస్తుంది. అదే సిగ్నల్. మనవాళ్ళిద్దరు కస్టమ్స్ మేడమీద బైనాక్యులర్స్‌తో ఉంటారు.”

ఒవెలార్‌కు ఒక కూలీ బిళ్ళ, ఒక లైటర్ ఇచ్చారు. చూడటానికి లైటరే, అడుగున నొక్కితే ఒకే ఒక్క తూటా పేలుతుంది. జనవరి నడివేసవి ఎండలో రేవుకు నడుస్తూ అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. ఈ ఒక్కసారికి తనకు కళ్ళు కనపడవు. పట్టీ నది దాటుతుంది. రాత్రికి రేడియోలో అక్క రాసినది దేశమంతా వింటుంది. ఆ తర్వాత తన తల పోయినా సరే.

రేవులో రేకుల పంచన ఇరవై మంది లాంచీ కోసం కూర్చున్నారు. రాజధాని అసున్సియోన్ ఎండకు కుక్కలు కూడా మొరగడం మానేశాయి. హోటల్లో పాటలు పాడే డెలియా ఎస్కుర్రా పసుపు గొడుగు కింద నిలబడి ఉంది. అటువాళ్ళ జీతం, ఇటువాళ్ళ జీతం రెండూ తీసుకునే మనిషి ఆమె. ఎవరి పక్షమో ఆమెకే తెలియాలి. చిపా రొట్టెలమ్మే ముసలమ్మ న్యా నికాసియా కొమ్ము గ్లాసులో తేయాకులాంటి ఆకు నింపి, చల్లటి నీళ్ళు పోసి తెరెరే తిప్పుతోంది. ఒకే గ్లాసు, ఒకే గొట్టం, వరసగా అందరూ పీల్చాల్సిందే.

గడ్డి టోపీ పెట్టుకున్న ఒకాయన నవ్వుతూ వచ్చి వరసలో కూర్చున్నాడు. కాన్సెప్సియోన్‌లో పశువుల బేరగాణ్ణన్నాడు. ఇక్కడి గ్వారానీ భాష అతని నోట తేనెలా ఉంది. పాదాలకు పగుళ్ళు కూడా తెచ్చుకున్నాడు. డెలియా గొడుగు మూయలేదు. అమ్మయ్య, వీడు కాదు కాబోలు అనుకున్నాడు ఒవెలార్.

ఆయన ఒక పుచ్చకాయ ముక్క కొనుక్కుని తొక్క కనపడేదాకా తిన్నాడు. మూతి తుడుచుకుని, తన వంతు రాగానే గ్లాసు అందుకుని గుటుక్కున పీల్చేశాడు.

వరసలో వాళ్ళంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు.

“ఓరి నాయనో!” న్యా నికాసియా గుండెలు బాదుకుంది. “పుచ్చకాయ మీద తెరెరే తాగాడర్రా! కడుపులో రాయైపోతుంది! ఇంకెక్కడి బతుకు!”

ఈ దేశంలో పాలుతాగే పిల్లకు కూడా తెలిసిన సంగతి అది. ఏ పుస్తకంలోనూ లేదు, ఏ పంతులూ చెప్పడు, అయినా అందరికీ తెలుసు. పాపం, అతనికి భాష నేర్పినవాళ్ళు, నడక నేర్పినవాళ్ళు ఇది చెప్పడం మరిచిపోయారు. ఒవెలార్ డెలియా వంక చూశాడు. ఆమె ముఖం పాలిపోయి ఉంది, గొడుగు ఇంకా తెరిచే ఉంది. ఆమె ఒవెలార్ పక్కకు జరిగింది.

“నేనేం చూడలేదు. మీరూ చూడలేదు. ఇంకో అయిదు నిమిషాలు, అంతే,” అంది పెదవి కదపకుండా.

“చూడలేదు,” అన్నాడతను.

కానీ ముసలమ్మ ఊరుకోలేదు. “పట్టుకోండర్రా! లాంచీలో చచ్చిపోతాడు! డాక్టర్ని పిలవండి!” నలుగురు ఆ మనిషిని పడుకోబెట్టి బొజ్జ నిమరసాగారు. ఒకడు విసనకర్ర తెచ్చాడు. “నాకేం కాలేదు, వదలండి,” అని అతను గింజుకుంటే, “అదుగో, సంధి మాటలు మొదలయ్యాయి,” అన్నారు.

ఒవెలార్ జనంలోకి దూరాడు. “ఏమీ కాదు అవ్వా! చిన్నప్పుడు నేనూ ఇలాగే తాగాను. బతికే ఉన్నాగా?”

“నువ్వు తాగలేదులే నాయనా. తాగుంటే బతుకుతావా?” అంది ముసలమ్మ జాలిగా.

అతను తాగిన మాట నిజం. పిల్లవాడు చస్తాడని భయపడి లారీలు వచ్చిన ఆ రోజు అమ్మ బడికి పంపకుండా మంచానికి కట్టేసినంత పని చేసింది. అందుకే అతను బతికాడు.

ఇంటివాళ్ళకు కబురు చేద్దామని ఒక పోలీసు ఆ మనిషి సంచీ విప్పాడు. చొక్కాల అడుగున గుడ్డలో చుట్టిన పట్టీ బయటపడింది. “ఏదో బడి పుస్తకం,” అని మళ్ళీ లోపల పెట్టేశాడు. లాంచీ కూత వేసింది. ఒవెలార్ ఆ మనిషిని చంకల కింద పట్టి లేపి, కూలీలా సంచీ నెత్తికెత్తుకున్నాడు. పది అడుగులు నడిస్తే లాంచీ ఎక్కే పలక మీద ఉంటారు.

గోల విని కస్టమ్స్ మేడమీద నుంచి ఇద్దరూ దిగి పరుగెత్తుకొస్తున్నారు. డెలియా వాళ్ళను చూసింది. ఒవెలార్‌ను చూసింది.

గొడుగు మూసేసింది.

విదేశీని సంచీతో సహా పట్టుకున్నాడని కల్నల్ ఆఫీసులో ఒవెలార్ భుజం తట్టారు. పతకం సంగతి మాట్లాడారు. కల్నల్ పట్టీ పేజీలు తిరగేస్తుంటే ఆఖరి రోజు పేజీ ఒవెలార్ కళ్ళబడింది. అక్క గుండ్రటి అక్షరాలు. పందొమ్మిది పేర్లకు ఎదురుగా టిక్కులున్నాయి. ఇరవయ్యో పేరు దగ్గర ఇలా ఉంది: క్రిస్పిన్ ఒవెలార్. రాలేదు. పుచ్చకాయ మీద తెరెరే తాగాడట వెధవ. సాయంత్రం చెవి మెలిపెట్టాలి.

“నీ లైటర్ ఇలా ఇవ్వు,” అన్నాడు కల్నల్ ఇనప చెత్తబుట్ట దగ్గరికి లాక్కుంటూ.

లైటర్లో తూటా అలాగే ఉంది. ఒవెలార్ ఆ సంగతి ఆలోచించాడు. ఆ వెంటనే తన తల గురించి కూడా ఆలోచించాడు, దానికి తనకే సిగ్గేసింది. చెయ్యి చాచి లైటర్ ఇచ్చేశాడు. కాగితం పాతది కదా, క్షణంలో అంటుకుంది.

పదిరోజుల తర్వాత అతను మళ్ళీ రేవుకు వెళ్ళాడు. పనేం లేదు. న్యా నికాసియా గ్లాసు అందిస్తూ, రొట్టె చుట్టిన పేపరు చదవమని ఇచ్చింది. లాకప్పులో విదేశీ గూఢచారి మృతి. కారణం: పుచ్చకాయ తిని తెరెరే తాగుట. కింద ప్రత్యక్ష సాక్షిగా కెప్టెన్ ఒవెలార్ సంతకం. అతనిచేత ఆ సంతకం మూడు కాపీల మీద పెట్టించారు. వచ్చే ఏడు ఆరోగ్య పాఠంలో కూడా వేస్తారట.

“నేను చెప్పలా?” అంది ముసలమ్మ కళ్ళు తుడుచుకుంటూ. “మంచిగా చెప్తే విన్నాడా? ఇంతకీ నాయనా, నువ్వు పుచ్చకాయ తినలేదు కదా?”

“లేదు అవ్వా,” అన్నాడు ఒవెలార్ గ్లాసు అందుకుంటూ. “ఆ మాత్రం చదువుకున్నాను.”