ఫొటో ఒకటి, పేర్లు రెండు

మనోజ్ బ్యాగులో చొక్కాలు కుక్కుతుంటే, శేషారత్నం వాటిని బయటికి తీసి, మడతపెట్టి, మళ్ళీ సర్దుతోంది. కొలకలూరు నుంచి బాపట్ల ఎంతో దూరం లేదు. అయినా ఇల్లు వదిలే బ్యాగు ఏది చూసినా ఆ తల్లికి గుండె జారుతుంది.

"బాపట్లకి స్వెట్టర్ ఎందుకమ్మా?"

"సముద్రం గాలిరా. నీకు ఇట్టే జలుబు చేస్తుంది."

వసారాలోంచి తండ్రి దశరథరామయ్య గొంతు వినిపించింది. "ఇవాళ ఆ రిజిస్ట్రారు దగ్గర సంతకం పెట్టాక ఈ గడప తొక్కొద్దని చెప్పు వాడికి."

"ఇక్కడే ఉన్నాడుగా, మీరే చెప్పండి."

ఆయన పేపరు తిరగేశాడు.

ఇదంతా ఒక ఫొటోతో మొదలైంది.

తెనాలిలో బసవేశ్వరరావు గారి పెళ్ళిసంబంధాల బ్యూరోలో మనోజ్ కంప్యూటర్లు చూస్తాడు. రిబ్కా వచ్చినవాళ్ళ వివరాలు ఎక్కిస్తుంది. రోజూ రేపల్లె నుంచి పాసింజరులో వస్తుంది. ఆమె చేరిన కొత్తలోనే గొడవైంది.

"జంపని అలేఖ్య గారి పేజీలో మీ ఫొటో ఎందుకుందండి?" అడిగాడు మనోజ్.

"నన్నడుగుతారేంటి? నేను ఆవిడ ఫొటోనే పెట్టాను."

"ఆ పేజీ ఎలా చేశారు?"

"పని నేర్చుకోడానికి నా ఫొటోతో చేసిన నమూనా పేజీ ఉందిగా. దాన్నే కాపీ చేసి, పేరూ ఊరూ మార్చి, ఆవిడ ఫొటో పెట్టాను. తీరా చూస్తే నమూనాలోనూ ఆవిడే ఉంది. అందుకని అక్కడ నా ఫొటో మళ్ళీ పెట్టాను."

మనోజ్ నవ్వాడు. "ఫొటోలు బరువండి. డేటాబేసు వాటిని వేరే చోట దాచి, పేజీలో చిరునామా మాత్రం రాసుకుంటుంది. మీరు కాపీ చేసింది ఆ చిరునామాని, ఫొటోని కాదు. ఇప్పుడు రెండు పేజీలూ ఒకే తలుపు కొడుతున్నాయి."

"అలా తయారు చేసిందెవరు?"

"నేనే."

"అయితే నవ్వాల్సింది నేను."

కిటికీలోంచి వానజల్లు కొట్టింది. ఇద్దరూ ఒకేసారి రెక్క మూయబోయారు, చేతులు తగిలి ఒకేసారి వదిలేశారు. కీబోర్డు తడిసింది.

సాయంత్రానికి అసలు ఫొటోకే నకలు తీసి, దేని ఫొటో దానికి పెడదామనుకున్నాడు మనోజ్. ఈలోపే కొడుక్కి సంబంధం వెతుక్కుంటూ అతని అమ్మా నాన్నా బ్యూరోకి వచ్చారు. బసవేశ్వరరావు గారు ఉత్సాహంగా తెరమీద అలేఖ్య పేజీ తెరిచారు.

"ఈ పిల్ల బాగుంది. చూపులో బెరుకు లేదు," అంది శేషారత్నం.

దశరథరామయ్య కళ్ళజోడు సవరించుకున్నాడు. "జంపని వాళ్ళా? పిల్లా బాగుంది, వివరాలూ బాగున్నాయి. మాట్లాడండి."

అప్పుడే రిబ్కా మంచినీళ్ళు తెచ్చింది. ఆయన తెరవైపు చూశాడు, ఆమెవైపు చూశాడు. మనోజ్ జరిగింది చెప్పాడు.

"అంటే ఫొటో తప్పన్నమాట."

"కాదండీ," అంది శేషారత్నం. "ఫొటో సరైందే. వివరాలే తప్పు."

"రేపల్లె అంద్రెయ మాస్టారి అమ్మాయినండి. లూథరన్ చర్చి వాళ్ళం," అంది రిబ్కా, అడగకముందే.

ఆయన గ్లాసు ముట్టలేదు.

పేజీ ఆ సాయంత్రమే సరైంది. మనోజ్ మాత్రం కాలేదు. వానాకాలం గడిచేసరికి, ఆమె రైలు వేళకి స్టేషన్ దాకా నడవడం అతనికి అలవాటైంది.

"మా నాన్న కాస్త దిగాడండి. మీరు పేరు మార్చుకుంటే ఆలోచిస్తాడట," అన్నాడు ఒకరోజు.

"నేనేమన్నా పేజీనా, మార్చి ఎక్కించడానికి? నా పేరు నేను మార్చుకోను. మీ పేరు మార్చుకోమనీ అనను. మా నాన్నకీ అదే చెప్పాను."

"మీ నాన్నకి చెప్పేశారా? నేనింకా మిమ్మల్ని అడగనేలేదుగా."

"మీరు అడిగేసరికి నా రైలు వెళ్ళిపోతుందండి."

ఆ రోజు రైలు వెళ్ళిపోయింది. ఇద్దరూ ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు.

సంగతి తెలిసి బసవేశ్వరరావు గారు భయపడ్డారు. "ఊళ్ళో తెలిస్తే నా బ్యూరో గడప ఎవరు తొక్కుతారయ్యా," అని మనోజ్‌ని బాపట్ల బ్రాంచికి మార్చారు. రిబ్కా తననీ అక్కడికే మార్చమని పట్టుబట్టి మార్పించుకుంది.

అందుకే ఇవాళ ఈ బ్యాగు.

మనోజ్ గుమ్మం దిగాడు. వెనకే చెప్పులు తొడుక్కుంటున్న భార్యని చూసి దశరథరామయ్య పేపరు దించాడు.

"వాడి వెంట వెళ్తే నువ్వూ తిరిగి రానక్కర్లేదు."

"అలాగేనండి."

బాపట్ల రిజిస్ట్రారు ఆఫీసులో అంద్రెయ మాస్టారి పక్కన నిలబడి శేషారత్నం సాక్షి సంతకం పెట్టింది. అక్షరాలు పెద్దగా, స్పష్టంగా వచ్చాయి.

"అత్తయ్యా, తెనాలి బస్సుకి టైమవుతోంది. మావయ్య గారు ఎదురుచూస్తుంటారేమో," అంది రిబ్కా.

"రానక్కర్లేదన్నారు కదమ్మా. ఆయన మాట నేనెప్పుడు కాదన్నాను?"

శేషారత్నం ఆ ఇంటికి మళ్ళీ తిరిగి రాలేదు. ఆమె కొలకలూరు విడిచింది 2023 నవంబరు పదిహేడు, శుక్రవారం.